ఊరు చెదిరింది, సంఘం నిలిచింది: కాన్సస్ పొలాల్లో అలెగ్జాండర్‌వోల్ మెన్నొనైట్ సంఘం

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో గోసెల్ అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరు దాటి మైలు దూరం ఉత్తరంగా వెళ్తే, గోధుమ పొలాల మధ్య రోడ్డు పక్కన ఒక పెద్ద చర్చి కనిపిస్తుంది. దాని చుట్టూ బజారు లేదు, వీధులు లేవు. వందల మంది కూర్చునే ఆరాధన మందిరాన్ని పొలాల నడుమ ఎవరు కట్టుకున్నారు, ఎందుకు కట్టుకున్నారు అన్నదే ఈ సంఘ చరిత్రకు తాళంచెవి. ఒకప్పుడు ఇక్కడ ఒకటి కాదు, ఎనిమిది ఊళ్లుండేవి. అవి కొద్ది ఏళ్లలోనే విడిపోయాయి. ఆ ఊళ్ల వాళ్లను కలిపి ఉంచిన సంఘం మాత్రం నిలిచింది. పల్లె సంఘాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా పాస్టర్ల పేర్లు, ప్రతిష్ఠ పండుగల తేదీలు వరసగా రాసుకుపోతారు. అలెగ్జాండర్‌వోల్ విషయంలో అలా రాస్తే అసలు సంగతి చేజారుతుంది. దీని చరిత్రను భూమి కొలతల్లో చదవాలి.

మెన్నొనైట్లంటే ఎవరో ముందుగా ఒక మాట. 16వ శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ ఇది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, తెలిసి విశ్వసించిన పెద్దవాళ్లకే ఇస్తారు. ఆయుధం పట్టరు, ఒట్టు పెట్టరు. 1536లో కథోలిక గురువు పదవి వదిలేసి ఈ విశ్వాసుల్లో చేరిన మెన్నో సైమన్స్ పేరు మీద వీరికా పేరు వచ్చింది. నెదర్లాండ్స్‌లో హింస పెరిగాక చాలామంది తూర్పుకు తరలి, ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది లంకల్లో స్థిరపడ్డారు. గట్లు వేసి, కాలువలు తవ్వి నీళ్లు తోడి పొలం చేసే పని వాళ్లకు తెలుసు. అక్కడి భూస్వాములకు కావలసిందీ అదే.

అలెగ్జాండర్‌వోల్ మూలం ఆ లంకల్లో, ష్వెట్జ్ పట్టణం పక్కనున్న ప్షెహోవ్కా అనే పల్లెలో ఉంది. ఇక్కడి సంఘం గ్రోనింగెన్ ఓల్డ్ ఫ్లెమిష్ అనే కట్టుబాటు గల డచ్చి శాఖకు చెందినది. ఆడంబరం పనికిరాదు. ఒకరి కాళ్లు ఒకరు కడిగే ఆచారం తప్పనిసరి. ష్మిట్, ఉన్‌రూ, బుల్లెర్, రాట్స్‌లాఫ్, ఫోట్, వేడెల్, పాంక్రాట్స్ వంటి కొద్ది ఇంటిపేర్లే సంఘమంతా. వీటిలో రెండు పేర్లు పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల వాళ్లకు కొత్త కాదు. ఆ సంగతి తరవాత.

ఈ సంఘానికి ఉన్న అరుదైన ఆస్తి దాని పుస్తకం. 18వ శతాబ్దం చివర్లో సంఘ పెద్ద జాకబ్ వేడెల్, అంతకు ముందు తరాల వివరాలు కూడా సేకరించి ఒక వంశావళి రిజిస్టరు కట్టాడు. ఫలానా కుటుంబం ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరిని ఎవరు పెళ్లాడారు, ఎప్పుడు బాప్తిస్మం పొందారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. రాట్స్‌లాఫ్ వంశానికి మూలపురుషుడు స్వీడన్ సైన్యంతో వచ్చిన మనిషనీ, విశ్వాసంలోకి వచ్చాక కత్తిని కంచె గుంజలో గుచ్చి వదిలేశాడనీ సంఘంలో తరతరాలుగా చెప్పుకుంటారు. సంఘం ఎక్కడికి కదిలితే పుస్తకం అక్కడికి కదిలింది.

కదలాల్సిన అవసరం ఎందుకొచ్చింది? 1772లో పోలండ్‌ను పొరుగు రాజ్యాలు పంచుకున్నప్పుడు ఈ ప్రాంతం ప్రష్యా కిందికి పోయింది. ప్రష్యాలో సైనిక సేవ భూమితో ముడిపడి ఉండేది. ఒక పొలం వేరే మతశాఖ రైతు చేతిలోంచి మెన్నొనైట్ చేతిలోకి వెళ్తే, ఆ పొలం నుంచి రావలసిన సైనికుడు రాజుకు దక్కడు. అందుకే 1774 నుంచి మెన్నొనైట్లంతా కలిసి ఏటా 5,000 థాలర్లు (ప్రష్యా వెండి నాణేలు) కట్టేలా ఏర్పాటు చేశారు. 1789 శాసనంతో కొత్తగా భూమి కొనడానికి కూడా అడ్డుకట్ట వేశారు. కుటుంబాలు పెరుగుతున్నాయి, పొలం పెరగడం లేదు. ఒక తరం గడిచేసరికి సగం మంది కూలీలయ్యే పరిస్థితి. విశ్వాసం కోసం వెళ్లారని మాత్రమే రాసే చరిత్రలు ఈ లెక్కను వదిలేస్తాయి. నిజానికి ఆ రెండింటినీ విడదీయడం కుదరదు. ఆయుధం పట్టమన్నందుకే పొలం కొనే హక్కు పోయింది.

అదే సమయంలో రష్యా పిలిచింది. 1763లో రెండో కేథరిన్ విదేశీయులకు భూమి ఇస్తామని ప్రకటించింది. 1800లో జార్ పాల్, మెన్నొనైట్లకు సైనిక సేవ నుంచి మినహాయింపును రాతపూర్వకంగా ఇచ్చాడు. 1804లో ఇప్పటి ఉక్రెయిన్ దక్షిణాన మొలొచ్నా నది పక్కన కొత్త కాలనీ మొదలైంది. ప్షెహోవ్కా కుటుంబాల్లో ఎక్కువ భాగం సంఘ పెద్ద పీటర్ వేడెల్ నాయకత్వంలో 1820 ప్రాంతంలో బండ్లు కట్టుకుని బయలుదేరాయి. దారిలో జార్ మొదటి అలెగ్జాండర్ ఎదురుపడి, క్షేమంగా వెళ్లండని దీవించాడని చెబుతారు. జర్మన్‌లో 'వోల్' అంటే క్షేమం. 1821లో కట్టుకున్న కొత్త ఊరికి అలెగ్జాండర్‌వోల్ అని పేరు పెట్టారు.

మొలొచ్నా ఊరి ఏర్పాటు అర్థమైతేనే తరవాత కాన్సస్‌లో ఏం చెడిపోయిందో అర్థమవుతుంది. ఒకే పొడవాటి వీధి, దానికి రెండు వైపులా ఇళ్లు. ఇల్లు, పశువుల కొట్టం, ధాన్యపు కొట్టు ఒకే కప్పు కింద ఉండేవి. పూర్తి కమతం అంటే 65 దెస్యాతినాలు, మన లెక్కలో సుమారు 175 ఎకరాలు. ఈ భూమంతా ఒక్కచోట ఉండదు. ఊరి పొలాన్ని నేల తీరును బట్టి కొన్ని భాగాలు చేసి, ప్రతి భాగంలో ప్రతి రైతుకూ ఒక సన్నని పట్టీ ఇస్తారు. మంచి నేల ఒకడికి, చవుడు ఒకడికి అన్న గొడవ రాదు. బీడు ఉమ్మడి, పశువుల కాపరి ఉమ్మడి, బడి ఉమ్మడి. ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. కమతాన్ని విడగొట్టడానికి వీల్లేదు. ఆస్తి పంపకంలో పిల్లలందరికీ సమాన వాటా రావాలని నియమం ఉన్నా, భూమి ఒకరికే పోయి మిగతావాళ్లకు డబ్బు రూపంలో వచ్చేది. దాంతో 1860ల నాటికి మొలొచ్నాలో భూమి లేని కుటుంబాలదే పెద్ద సంఖ్య అయింది. ఊరి వ్యవహారాల్లో ఓటు భూమి ఉన్నవాళ్లకే. ఆ తగాదా సంఘాల్లోకీ పాకింది.

1870లో రష్యా మినహాయింపులు తీసేస్తుందన్న వార్త వచ్చింది. 1874 జనవరిలో అందరికీ నిర్బంధ సైనిక సేవ చట్టం అయింది. ఈలోగా 1873లో పన్నెండు మంది ప్రతినిధులు ఉత్తర అమెరికా చూసి రావడానికి వెళ్లారు. వాళ్లలో అలెగ్జాండర్‌వోల్ సంఘ పెద్ద జాకబ్ బుల్లెర్ ఒకడు. మానిటోబా నుంచి కాన్సస్ వరకు నేల తవ్వి చూశారు, నీళ్ల లోతు అడిగారు, రైలు ఎంత దూరమో కనుక్కున్నారు. జార్ పంపిన జనరల్ తొత్లెబెన్ 1874 వసంతంలో మొలొచ్నా వచ్చి, సైన్యానికి బదులు అడవుల పెంపకంలో పనిచేయవచ్చని నచ్చజెప్పాడు. ఆ మాటకు చాలామంది ఆగిపోయారు. అలెగ్జాండర్‌వోల్ ఆగలేదు. మిగతా చోట్ల కుటుంబాలు విడివిడిగా తేల్చుకుంటే, ఇక్కడ సంఘం దాదాపు మొత్తంగా కదిలింది. సుమారు 800 మంది. ఇల్లు, కొట్టం, పశువులు వచ్చిన ధరకు అమ్ముకున్నారు. ఊరంతా ఒకేసారి అమ్మకానికి పెడితే ధర పడిపోతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఓడలో 800 మందికి చోటు లేదు. అందుకే రెండు గుంపులయ్యారు. బుల్లెర్ గుంపు ఎక్కిన 'సింబ్రియా' 1874 ఆగస్టు 27న న్యూయార్క్ చేరింది. డీట్రిచ్ గేడెర్ట్ గుంపు ఎక్కిన 'ట్యూటోనియా' సెప్టెంబరు 3న చేరింది. తేడా వారమే. కానీ చిన్న విషయం కాదది. ముందొచ్చిన గుంపు మేరియన్, మెక్‌ఫర్సన్, హార్వీ కౌంటీలు కలిసే చోట భూమి ఎంచుకుంది. వెనకొచ్చిన గుంపు మరికాస్త పడమరగా వెళ్లి హోఫ్‌నుంగ్సౌ అనే వేరే సంఘమైంది. సిద్ధాంతంలో చిన్నమెత్తు భేదం లేదు. ఓడలో పట్టిన మనుషుల లెక్క ఒక సంఘాన్ని రెండు చేసింది.

ఆ ఏడాది ఎండాకాలంలోనే కాన్సస్ మీద మిడతల దండు పడి పచ్చనిదల్లా తినేసింది. ఉన్న రైతులే వెళ్లిపోతున్న చోటికి వీళ్లు వచ్చారు. శాంటా ఫే రైలు కంపెనీకి మనుషులు కావాలి. పట్టాలు వేసినందుకు ప్రభుత్వం ఇచ్చిన భూమి అమ్ముడుపోవాలి, ఆ భూమిలో పండిన పంట రైలెక్కాలి. కంపెనీ 18 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవున్న వలసదారుల షెడ్లు రెండు కట్టించింది. సొంత ఇళ్లు లేచేదాకా కుటుంబాలు వాటిలోనే పక్కపక్కన తలదాచుకున్నాయి. తరవాత అలాంటి షెడ్డే ఆరాధనకూ పనికొచ్చింది. కాన్సస్ శాసనసభ కూడా 1874లో మిలీషియా (రాష్ట్ర పౌర సైన్యం) చట్టం సవరించి, వీళ్లను అందులో పనిచేసే బాధ్యత నుంచి తప్పించింది.

ఇళ్లు లేవగానే ఊళ్లు కట్టారు. హోఖ్‌ఫెల్డ్ అంటే మిట్టపొలం, బ్లూమెన్‌ఫెల్డ్ అంటే పూలపొలం, గ్నాడెన్‌ఫెల్డ్ అంటే కృపాక్షేత్రం. ఇలాంటివి ఎనిమిది. వీధి, వరస ఇళ్లు, పట్టీల పొలాలు అన్నీ మొలొచ్నా తీరే. ఇక్కడే భూమి కొలత అడ్డొచ్చింది. అమెరికా ప్రభుత్వం భూమిని మైలు చదరపు గళ్లుగా కొలిచి పెట్టింది. ఒక్కో గడిని సెక్షన్ అంటారు, 640 ఎకరాలు. రైలు కంపెనీకి దక్కినవి బేసి సంఖ్య గళ్లు మాత్రమే. సరి సంఖ్య గళ్లు ప్రభుత్వానివి, వాటిని ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. అంటే చదరంగం బల్ల మీద తెల్ల గళ్లే కొని ఊరు కట్టాలన్నమాట. ఊరి పొలం ఒక్క చెక్కగా కుదరలేదు.

పట్టీల లెక్క చూడండి. ఎనిమిది కుటుంబాలు ఒక సెక్షన్‌ను పొడవునా పంచుకుంటే ఒక్కొక్కరికి 80 ఎకరాలు వస్తాయి. మైలు పొడవు, 660 అడుగుల వెడల్పు. మొలొచ్నా పద్ధతిలో ఇంకా చిన్నగా చీల్చి నాలుగు చోట్ల ఇస్తే, ఇంటి నుంచి చివరి పట్టీకి పోవడానికే పూట గడుస్తుంది. గట్టు మీద పశువులు తిరిగితే పక్కవాడి పైరు పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు కాగితాల దగ్గర వచ్చేది. కౌంటీ ఆఫీసులో దస్తావేజు సెక్షన్ లెక్కన, పావు సెక్షన్ లెక్కన రాస్తారు, పన్ను కూడా అలాగే కట్టించుకుంటారు. ఊళ్లో నోటిమాట మీద నడిచే పట్టీకి అక్కడ చోటు లేదు. ఒకరి పేర ఉన్న గడిలో మరొకరి పట్టీ ఉంటే, పన్ను బాకీ పడ్డా, మనిషి పోయినా, అమ్మాలనుకున్నా తగువే. మొలొచ్నాలో కమతం విడగొట్టకుండా కాపాడే కాలనీ పాలన ఉండేది. కాన్సస్‌లో అలాంటి అధికారం సంఘానికి లేదు. కొద్ది ఏళ్లలోనే కుటుంబాలు పట్టీలు మార్చుకుని, తలా ఒక ముక్క ఒకేచోట తీసుకుని, ఇంటిని కూడా పొలంలోకి మార్చుకున్నాయి.

దాని ఫలితం ఆలోచించదగింది. మొలొచ్నాలో ఊరు, బడి, కాలనీ, సంఘం నాలుగూ మనుషుల్ని కలిపేవి. కాన్సస్‌లో ఇళ్లు అరమైలుకొకటి అయ్యాక వారానికొకసారి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునే చోటు ఒక్కటే మిగిలింది. 1886లో పెద్ద చెక్క మందిరం కట్టింది అందుకే. ఏ ఒక్క ఊళ్లోనూ కాదు, ఎనిమిది ఊళ్ల వాళ్లకూ అందే చోట. చుట్టూ బజారు ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఆ కట్టడాన్ని 1928లో బాగా మార్చి కట్టారు. 1990లో అది అమెరికా జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేరింది. గోసెల్ ఊరు 1886 మందిరం తరవాతి సంగతి. 1895లో మునిగిపోయిన 'ఎల్బే' ఓడ కెప్టెన్ పేరు దానికి పెట్టారు.

పంట గురించి రెండు మాటలు. రష్యా నుంచి వచ్చేటప్పుడు పిల్లలు 'టర్కీ రెడ్' అనే ఎర్ర గోధుమ గింజల్ని ఒక్కొక్కటే ఏరి మూటగట్టారన్న కథ కాన్సస్‌లో ఇంటింటా వినిపిస్తుంది. కొందరు గింజలు తెచ్చుకున్న మాట నిజమే. కానీ రాష్ట్రమంతా ఆ గోధుమ పాకింది మూటల వల్ల కాదు. బెర్నార్డ్ వార్కెంటిన్ అనే మెన్నొనైట్ మిల్లరు 1880ల్లో పెద్ద ఎత్తున విత్తనం తెప్పించాడు. ఆ గింజ గట్టిది, పాత రాతి తిరుగళ్లలో సరిగా నలగదు. ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాకే దానికి ధర పలికింది. దాని గొప్పతనం కాలంలో ఉంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో చల్లితే చలికాలం నేలలో గడిపి, జూన్ ఆఖరుకు కోతకొస్తుంది. కాన్సస్ నడివేసవి ఎండ ముదిరేలోపు పంట ఇంటికి చేరుతుంది.

నూర్పిడికి మొదట్లో రాతి రోలరు వాడారు. సుమారు రెండడుగుల మందాన, రెండున్నర అడుగుల పొడవున సున్నపురాతి దిమ్మె, చుట్టూ ఏడు పళ్లు. గుర్రాన్ని కట్టి కళ్లంలో పనల మీద గుండ్రంగా దొర్లిస్తారు. మన పల్లెల్లో ఎడ్లతో బంతి తొక్కించిన పని అదే. అక్కడ గిట్టలకు బదులు రాతి పళ్లు. కాన్సస్ రాతితో చెక్కించుకున్న ఈ రోలర్లను నూర్పిడి యంత్రం త్వరలోనే మూలన పడేసింది. అందుకే ఇప్పుడు కనిపించే చాలా రోలర్లకు పళ్లు అరిగిన గుర్తే ఉండదు.

సంఘం లోపలి నడత మీద చాలా చోట్ల పైపై వివరణలే దొరుకుతాయి. జీతగాడైన పాస్టర్ ఇక్కడ ఆలస్యంగా వచ్చాడు. మొదట్లో బోధకులంతా సంఘంలోంచే ఓటుతో ఎన్నికైన రైతులు, జీతం లేనివాళ్లు. వాళ్లలో ఒకరు పెద్ద. బాప్తిస్మం ఇవ్వడం, ప్రభుబల్ల జరపడం ఆయన ఒక్కడి పని. అందుకే పెద్ద చనిపోయినా, మంచాన పడినా సంఘం ఇరుకున పడేది. పొరుగు సంఘం పెద్దను పిలవాల్సి వచ్చేది. బాప్తిస్మం పొందబోయేవాళ్లు ప్రశ్నోత్తరాల పుస్తకం నేర్చుకోవాలి. 1778లో ఎల్బింగ్‌లో అచ్చయిన ప్రశ్నోత్తరాలే తరతరాలు నడిచాయి. పెంతెకొస్తు రోజుల్లో, మోకరించిన వారి తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చేవారు. ముంచేవారు కాదు. ఈ చిన్న తేడాను గుర్తుంచుకోవాలి.

మనుషులు పెరిగారు, దూరం మాత్రం తరగలేదు. బండి మీద గంటకు నాలుగు మైళ్లు, చలికాలం బురదలో అంతకంటే తక్కువ. ఆదివారం ఆరాధనకు పోయి రావడానికే సగం రోజు. 1908లో ఆగ్నేయ దిక్కు కుటుంబాలు టాబోర్ సంఘంగా విడివడ్డాయి. 1920లో గోసెల్ ఊళ్లో మరో సంఘం ఏర్పడింది. వీటిని చీలికలు అనడం సరికాదు. తల్లి సంఘం తెలిసి, ఒప్పుకుని సాగనంపిన పిల్ల సంఘాలివి. విచారమేమిటంటే, దూరం కారణంగా కట్టిన ఈ చర్చిల మధ్య దూరాన్ని ఆ తరవాతి పదేళ్లలోనే మోటారు కారు కరిగించేసింది. విడిపోయినవి మళ్లీ కలవలేదు. 1900లో గోసెల్‌లో తెరిచిన బెతెస్దా ఆసుపత్రిని మాత్రం చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి మోశాయి.

భాష మీద దెబ్బ 1917, 1918ల్లో పడింది. ఇంట్లో ప్లాట్‌డీచ్ అనే దిగువ జర్మన్, గుడిలో శిష్ట జర్మన్. జర్మనీతో యుద్ధం రాగానే ఆ రెండూ నేరమైనట్టయ్యాయి. తుపాకి పట్టని యువకులను కాన్సస్‌లోనే ఉన్న ఫన్‌స్టన్ శిబిరంలో హింసించారు. యుద్ధ బాండ్లు కొననివాళ్ల ఇళ్ల మీదికి జనం వెళ్లారు. ఆరాధన ఇంగ్లీషులోకి పూర్తిగా మారడానికి మరో తరం పట్టింది. మొదట యువకుల కూటాలు, తరవాత ఆదివారపు బడి, చివరికి ప్రసంగం. పాటలు అన్నిటికంటే మొండిగా నిలిచాయి.

ఇప్పుడు ఫోట్, పాంక్రాట్స్ పేర్ల సంగతి. తెలంగాణలో మెన్నొనైట్ బ్రదరన్ సంఘాలున్న ఊళ్లలో 'మెన్నొనైట్లంతా ఒకటే' అన్న అభిప్రాయం ఉంది. అది సరి కాదు. 1860 జనవరిలో మొలొచ్నాలోనే కొందరు పాత సంఘాల నుంచి వేరుపడి మెన్నొనైట్ బ్రదరన్ అయ్యారు. వాళ్లు నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. అలెగ్జాండర్‌వోల్ పాత సంఘాల పక్షాన నిలిచింది. కాన్సస్‌లో ఈ రెండు ప్రవాహాలూ ఒకే మేరియన్ కౌంటీలో, పది పన్నెండు మైళ్ల తేడాలో దిగాయి. గోసెల్ ఒకరిది, హిల్స్‌బరో మరొకరిది. 1889లో మొలొచ్నా బ్రదరన్ నుంచి బయలుదేరిన అబ్రహాం ఫ్రీజెన్ నల్లగొండలో బాప్టిస్టులతో కలిసి పనిచేశాడు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ వచ్చాడు. ఆ తరవాత వచ్చిన జె.హెచ్. పాంక్రాట్స్ శంషాబాద్‌లో, జె.హెచ్. ఫోట్ దేవరకొండలో పనిచేశారు. వైద్యురాలు కేథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి 1945లో శంషాబాద్‌లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉంది. అప్పట్లో అలెగ్జాండర్‌వోల్ ఉన్న జనరల్ కాన్ఫరెన్స్ అనే మెన్నొనైట్ సంఘాల కూటమి వాళ్లు మాత్రం ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని చాంపా వైపు వెళ్లారు. ఒకే లంక పల్లె నుంచి వచ్చిన ఇంటిపేర్లు రెండు వేర్వేరు మిషన్లలో కనిపించడానికి కారణం ఇదే. పేరు చూసి సంఘం ఏదో చెప్పలేం.

సంఘ పుస్తకాల ఆధారంగా చరిత్ర రాసేవాళ్లు తరచుగా మూడు చోట్ల పొరబడతారు. మొదటిది తేదీ. రష్యాలో అప్పటికి పాత జూలియన్ క్యాలెండరు నడిచేది. 19వ శతాబ్దంలో అది పన్నెండు రోజులు వెనక ఉండేది. 1874 వలస ఏడాదిలో ఒకే కుటుంబంలో ఒక బిడ్డ పుట్టిన తేదీ పాత లెక్కలో, మరో బిడ్డ మరణం కొత్త లెక్కలో ఉండవచ్చు. ఏ లెక్కో చూడకుండా కలిపితే వయసులు తప్పుతాయి. రెండోది ఊరి పేరు. గ్నాడెన్‌ఫెల్డ్ మొలొచ్నాలోనూ ఉంది, కాన్సస్‌లోనూ ఉంది. 'గ్నాడెన్‌ఫెల్డ్‌లో మరణం' అని ఉంటే ఏ ఖండమో ఏడాదిని బట్టి తేల్చాలి. మూడోది మనిషి పేరు. కొద్ది ఇంటిపేర్లు, కొద్ది సొంత పేర్లు ఉన్నచోట ఒకే తరంలో ముగ్గురు నలుగురు పీటర్ ఉన్‌రూలు, జాకబ్ ష్మిట్‌లు ఉంటారు. ప్షెహోవ్కా పుస్తకం కట్టినవాళ్లు ఈ చిక్కు ముందే పసిగట్టి, ఒక్కో మనిషికీ ఒక అంకె వేశారు. తండ్రి అంకె పక్కన కొడుకు అంకె చూసుకుంటూ పోతేనే దారి తప్పదు.